జఠరాగ్నియు మనఃప్రసాదమును

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యను గూర్చియో భాషను గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని మీరు తలచియుందురు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత శబ్దములును ధాతువులును వల్లెవేయించిన పంతులు నేడు కడుపును గూర్చి ప్రసంగింప నిలిచినాడేమి యని కొందఱికి వింతగా దోచవచ్చును. నేను వైద్యుడను గాను. మందు చెప్పుటకు రాలేదు. అయినను వ్యాకరణమునకును వైద్యమునకును ఒక మాట ఉమ్మడిగా గలదు. అది 'ధాతువు'. వ్యాకరణమున ధాతువు క్రియాపదమునకు మూలము. ఆయుర్వేదమున రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను ఏడును ధాతువులు. అవి శరీరమును ధరించునవి. అక్కడ ధాతువు చెడినచో పదము చెడును. ఇక్కడ ధాతువులకు పోషణము చాలనిచో మనుష్యుడే చెడును. ఆ పోషణ మంతయు ఒక్క ద్వారమునుండి రావలసినదే. ఆ ద్వారము జీర్ణకోశము.

ఈ విషయము నెన్నుకొనుటకు మఱియొక కారణము గలదు. మన సంఘము ఏటేట విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది. దాతల యౌదార్యమువలన వసతిగృహము నడుపుచున్నది. పుస్తకమునకు ధనమిచ్చువారు గలరు, భవనమునకు ధనమిచ్చువారు గలరు. ఆ భవనమున కూర్చుండి ఆ పుస్తకమును చదువు బాలుని కడుపు ఏ స్థితిలో నున్నదో విచారించుటయు ఆ దానములోని భాగమే యని మనవి చేయుటకే నేను లేచితిని.

ప్రాచీనుల మతము

మన పూర్వులు జీర్ణశక్తిని అగ్నియని వ్యవహరించిరి. చరకసంహితయందు పదమూడగ్నులు చెప్పబడినవి. జఠరాగ్ని యొకటి, భూతాగ్నులు ఐదు, ధాత్వగ్నులు ఏడు. వీనిలో జఠరాగ్నియే ప్రధానము. తక్కినవి దాని నాశ్రయించి యుండునవి. ఆ యగ్నికి నాలుగు స్థితులు. సమముగ నున్నచో తిన్నది కాలమునకు జీర్ణమగును. విషమమైనచో ఒకనాడు జీర్ణమగును, మఱునాడు కాదు. తీక్ష్ణమైనచో ఎంత తిన్నను చాలక దహించుచుండును. మందమైనచో కొంచెము తిన్నను బరువగును. పక్వముగాక నిలిచిన దానిని 'ఆమ'మనిరి. అగ్నికి స్థానమైన భాగమును 'గ్రహణి' యనిరి. అన్నమును పట్టి నిలుపునది గావున దానికా పేరు వచ్చినది.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది వేఱొకటి గలదు. పథ్యమైన యన్నమును మితముగనే భుజించినను, చింత, శోకము, భయము, క్రోధము, నిద్రలేమి గలవానికి అది జీర్ణము గాదని చరకసంహితలోని విమానస్థానమున చెప్పబడినది. అనగా అన్నము ఎట్టిదో చూచుట చాలదు, తినువాని మనస్సు ఎట్టిదో కూడ చూడవలయునని తాత్పర్యము. విస్తరిలో నున్నది ఒక్కటే యైనను, నవ్వుచు తిన్నవానికొక ఫలము, ఏడ్చుచు తిన్నవానికొక ఫలము.

అయినను సోదరులారా! ఒక్క హెచ్చరిక. అగ్నియను మాటను పొయ్యిలోని నిప్పుగ గ్రహింపరాదు. ఆమమును నేటి వైద్యులు చెప్పు ఏదో యొక వస్తువునకు పర్యాయపదముగ గ్రహింపరాదు. సమస్తము మన గ్రంథములలో ముందే యున్నదని చేతులు కట్టుకొని కూర్చుండుట పాండిత్యము గాదు. వారు చూచినది వారు చెప్పిరి. పిదపవారు చూచినదియు మనము వినవలయును.

పాశ్చాత్యుల పరిశోధనలు

1822వ సంవత్సరము జూన్ నెలలో ఉత్తర అమెరికాలోని మాకినాక్ దీవియందు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునకు ప్రమాదవశమున తుపాకి దెబ్బ తగిలి కడుపునకు రంధ్రము పడెను. విలియం బోమాంట్ అను సైనికవైద్యుడు చికిత్స చేసెను. ప్రాణము దక్కెను గాని రంధ్రము పూర్తిగ పూడలేదు. బోమాంట్ పట్టుదారమునకు ఆహారపు ముక్కలు గట్టి ఆ రంధ్రమున లోనికి దింపి, ఏది యెంత సేపటికి జీర్ణమగుచున్నదో పరిశీలించెను. తన పరిశీలనముల నన్నిటిని 1833లో గ్రంథముగ ప్రకటించెను. ఆ యువకునకు కోపముగాని భయముగాని కలిగినపుడు కడుపులోపలి పొర రూపు మాఱుటను ఆతడు కన్నులార చూచెను. చింతాక్రోధములను గూర్చి మన గ్రంథములలో జెప్పబడినది ఇక్కడ ప్రత్యక్షముగ గానబడెను. ఒక నిరుపేదను ఏండ్లతరబడి పరీక్షావస్తువుగ నుంచుట నేటి ధర్మమునకు సమ్మతము గాదు. ఆ జ్ఞానమునకు వెల చెల్లించినవాడు ఆ రోగియే యని మాత్రము మఱువరాదు.

తరువాత రష్యాదేశీయుడగు పావ్లోవ్ కుక్కలపై పరిశోధించి, ఆహారము కడుపులో పడకముందే, దానిని చూచినంతమాత్రముననే, వాసన తగిలినంతమాత్రముననే జీర్ణరసములు ఊరుట నిరూపించెను. జీర్ణక్రియను గూర్చిన కృషికిగాను 1904లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. పోపు వాసనకు నోరూరుట మన యిండ్లలో నందఱెఱిగినదే. దానికి శాస్త్రప్రతిష్ఠ కలిగినది.

ఇక శరీరనిర్మాణమును గూర్చి యొక మాట. పెద్దవానియందు చిన్నప్రేగు సుమారు ఇరువది యడుగుల పొడవు, పెద్దప్రేగు సుమారు ఐదడుగులు. ఈ గొట్టపు గోడలయందు పదికోట్లకు తక్కువగాని నాడీకణములు గలవు. 1921లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడగు లాంగ్లీ దీనిని నాడీమండలములలో ఒక ప్రత్యేకవిభాగముగ వర్ణించెను. అమెరికాలోని మైకేల్ గెర్షన్ 1998లో వ్రాసిన గ్రంథమునకు 'రెండవ మెదడు' అనియే పేరు పెట్టెను. ఈ రెండవ మెదడు పద్యము చెప్పదు, లెక్క కట్టదు; గాని పై మెదడు ఆజ్ఞకై వేచియుండక ప్రేగులను తానే నడిపింపగలదు. ఈ రెంటికిని నడుమ వేగస్ అను పెద్దనాడి యొకటి గలదు. మెదడునుండి కడుపునకు ఆజ్ఞలు పోవుటకే అది యున్నదని తలచెదము. కాని యందలి తంతువులలో అధికభాగము కడుపునుండి మెదడునకు వార్తలు గొనిపోవునవే. ఊరి సంగతులు కచేరికి పోవుట యెక్కువ, కచేరి యుత్తరువులు ఊరికి వచ్చుట తక్కువ!

మనస్సు కుదుటపడుటతో సంబంధముగల సెరటోనిన్ అను ద్రవ్యములో నూటికి తొంబదిపాళ్లు ప్రేగులయందే పుట్టుచున్నది. ఇది విని కొందఱు వర్తకులు 'మా పొడి తినుడు, సంతోషము పొందుడు' అని ప్రకటించుచున్నారు. ప్రేగులయందలి సెరటోనిన్ నేరుగ మెదడులోనికి ప్రవేశింపజాలదు. కడుపునకును మనస్సునకును గల సంబంధము నాడులద్వారమునను, రక్తమునందలి యితర ద్రవ్యములద్వారమునను, రోగనిరోధకశక్తిద్వారమునను నడచు బహుముఖమైన సంబంధము. పొట్లములో గట్టి యమ్మదగినది గాదు.

మఱి మనకడుపులో మనమొక్కరమే లేము. పెద్దప్రేగునందు అసంఖ్యాకములగు సూక్ష్మజీవులు వసించుచున్నవి. మన శరీరమునం దున్న సూక్ష్మజీవులు సుమారు 38 లక్షల కోట్లనియు, మన స్వంత కణములు సుమారు 30 లక్షల కోట్లనియు 2016లో శాస్త్రజ్ఞులు అంచనా గట్టిరి. అవి యన్నియు గలిపి తూచినను పావుకిలోకు మించవు. ఆకుకూరలు, పప్పులు, తవుడు తీయని ధాన్యములు మొదలగువానియందలి పీచును మనము జీర్ణింపజేసికొనలేము. దానిని ఈ జీవులు పులియబెట్టి, పెద్దప్రేగు కణములకే ఆహారమగు ఆమ్లములను పుట్టించును. పీచులేని తెల్లని యన్నమే తినువాడు తాను భుజించుచున్నాడు గాని తన యతిథులను పస్తుంచుచున్నాడు. అతిథులు పస్తున్న యింటికి శుభము గలదా?

జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయమున 2004లో ఒక పరిశోధన జరిగినది. సూక్ష్మజీవులే లేకుండ పెంచిన యెలుకలు నిర్బంధమునకు తక్కిన యెలుకలకంటె మిక్కిలిగ కలతచెందెను. చిన్నతనముననే తగిన సూక్ష్మజీవుల నిచ్చినపుడు ఆ దోషము సవరింపబడెను. ఇది మిక్కిలి విలువగల సంగతి. అయినను ఎలుక యెలుకయే, మనుష్యుడు మనుష్యుడే. మనోవ్యాధిగలవానికి పెరుగుచుక్కతో నయమగునని దీనినుండి తేల్చరాదు.

ఇంకొక యుదాహరణము. కడుపులోని పుండ్లకు చింతయు కారమును మాత్రమే కారణములని వైద్యులు చిరకాలము నమ్మిరి. ఆస్ట్రేలియా దేశీయులగు రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అను వారలు అధికభాగమునకు ఒక సూక్ష్మజీవియే కారణమని కనుగొనిరి. ఎవరును నమ్మకపోగా 1984లో మార్షల్ ఆ జీవులుగల ద్రవమును తానే త్రాగి రోగము తెచ్చుకొని చూపెను. 2005లో వారిరువురకును నోబెల్ బహుమానము వచ్చెను. కావున ప్రతి కడుపునొప్పిని 'మనోవ్యాధి' యని కొట్టివేయుటయు, ప్రతి మనోవ్యాధిని 'అజీర్ణ'మని కొట్టివేయుటయు రెండును తప్పే.

మన తెలుగునాటి సాక్ష్యము

దూరదేశపు కథలు చాలును. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింతము. స్ప్రూ యను ప్రేగువ్యాధి, మన వైద్యులు సంగ్రహణి కోవలో జేర్చునట్టిది, వారి యింట ప్రవేశించి స్వల్పకాలములో వారి సోదరు లిరువురను గొనిపోయెను. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేదచికిత్సవలన స్వస్థత చేకూరినది. వారు మదరాసు ఆయుర్వేదకళాశాలలో కొంతకాలము బోధించి, 1922లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు గావించి, 1940లో లెడర్లీ పరిశోధనాలయమున బ్రవేశించిరి. అక్కడ వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ నిర్మింపబడినది. ఆ ఫోలిక్ ఆమ్లమే స్ప్రూరోగులకు ఔషధమైనది! సోదరులను మ్రింగిన వ్యాధికి మందును సమకూర్చి యా మహనీయుడు 1948లో పరదేశముననే కన్ను మూసెను.

ఆ వ్యాధి స్వభావము గమనింపుడు. రోగి తినుచునే యుండును; తిన్నది ఒంటికి పట్టదు. విస్తరిముందు కూర్చుండియే క్షామమునకు లోనగును. ఫోలిక్ ఆమ్లము చాలనిచో రక్తము క్షీణించును. నీరసము, చిరాకు, మనోవైకల్యము కలుగును. బి12 యను విటమిను విషయమును ఇట్టిదే. కడుపులో పుట్టు నొక ద్రవ్యముతో గలిసి చిన్నప్రేగు చివరిభాగమున అది గ్రహింపబడును. అది కొఱవడినచో చేతులకు కాళ్లకు తిమ్మిరి, మఱపు, దిగులు గలుగును. శాకములయందది లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలయందే గలదు. పాలుపెరుగులుకూడ సరిగ ముట్టని శాకాహారులును, వృద్ధులును దీనిని గూర్చి డాక్టరు నడిగి పరీక్ష చేయించుకొనుట మేలు. తాతగారికి మతి తప్పినదని మూలకు నెట్టుటకు ముందు, తాతగారి రక్తమును ఒకమాఱు పరీక్షించుట ధర్మము గాదా?

పాఠశాలలో జూచిన దొకటి చెప్పెదను. ఒక తరగతిలో వెనుకబల్లమీద నొక బాలుడుండెను. పిలిచిన పలుకడు; మధ్యాహ్నమైనచో బల్లపై తలవాల్చును. మందబుద్ధి యని తరగతి యంతయు పేరుపెట్టినది. ఊరికి వచ్చిన వైద్యులు పరీక్షించి కడుపులో నులిపురుగు లున్నవనియు, రక్తము మిక్కిలి తగ్గినదనియు జెప్పి మందిచ్చిరి. కొన్ని నెలలకు ఆ బాలుడే శ్లోకము నొకమాఱు వినిన యప్పజెప్పువాడయ్యెను. వానికి లోపించినది బుద్ధి గాదు, రక్తము. 2015నుండి మన దేశమున ఏటేట ఫిబ్రవరి, ఆగస్టు నెలల పదవ తేదీలను నులిపురుగుల నిర్మూలనదినములుగ నేర్పఱచి బడులయందు ఆల్బెండజోల్ మాత్ర లిచ్చుచున్నారు. మాత్ర మ్రింగించుటకు వెఱచి ఆనాడు పిల్లవానిని బడికి మాన్పించు తల్లిదండ్రులు ఈ సంగతి తలపోయవలయును.

నేటి మన యాచారములు

ఇక మనలోనికి మనము చూచుకొందము. వాగ్భటుడు అష్టాంగహృదయమున కడుపును నాలుగు పాళ్లుచేసి రెండుపాళ్లు అన్నమునకును, ఒకపాలు ద్రవమునకును, మిగిలిన పాలు గాలికిని విడువుమనెను. మన పెండ్లివిందులయందు ఆ నాలవపాలు ఎవనికైన మిగులుచున్నదా? ముప్పది వంటకములు, నాలుగు మిఠాయిలు, అర్ధరాత్రి వడ్డన! సగము విస్తరిలో పాఱవేయబడును, సగము కడుపులో పాఱవేయబడును. 'తగ్గించినచో లోకులు పిసినారి యందురు గదా' యని మీరందురు. నిజమే, అందురు. ఆ మాటకు వెఱచి అప్పుచేసి విందుపెట్టిన యొక గృహస్థుడు ఆ యప్పుదిగులుతో నిద్రలేక సంవత్సరము తిరుగకుండ అజీర్ణరోగియైనాడు. అతిథుల యజీర్ణము మూడుదినములకు పోయినది. ఆయన యజీర్ణము పోలేదు. మొదట ఒకడు తగ్గించినచో లోభియందురు. సంఘమంతయు తగ్గించినచో అదియే మర్యాదయగును. ఇందుకు సంఘము వలయును.

మన తాతల యాహారము సామాన్యమైనది. జొన్నరొట్టె, రాగియంబలి, చద్దియన్నము, గోంగూర, పప్పు, చిక్కని మజ్జిగ. ఇందు పీచును గలదు, పులిసిన పదార్థమును గలదు. మజ్జిగను గూర్చి యొకమాట. పారిసునగరమున పాశ్చర్ సంస్థలో పనిచేసి 1908లో నోబెల్ బహుమానము పొందిన మెచ్నికాఫ్ పులిసిన పాలు దీర్ఘాయువునకు హేతువని ప్రచారము చేసెను. ఆయన చెప్పినదంతయు రుజువు గాలేదు గాని పెరుగు మంచి యాహారమనుటలో వివాదము లేదు. అట్లని ఊరగాయలన్నియు పెరుగువంటివే యనుకొనరాదు. ఆవకాయ నిలుచుట ఉప్పు, నూనె, కారముల బలమున. దినమునకు ఐదు గ్రాములలోపే ఉప్పు వాడుమని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. కూరలును పండ్లును 400 గ్రాములకు తక్కువగాకుండ, పీచు 25 గ్రాములకు తక్కువగాకుండ పెద్దలు దినదినమును తినవలయునని ఆ సంస్థయే విధించినది. ఇన్నాళ్లు పీచులేక తిన్నవాడు ఒక్కమాఱుగ పెంచినచో కడుపుబ్బును; క్రమక్రమముగ పెంచి, నీరు చాలినంత త్రాగవలయును.

నెలనెలకు విరేచనౌషధము పుచ్చుకొని 'కడుపు కడిగితి'ననుట కొందఱి వాడుక. కడుపు కడుగబడవలసిన గిన్నె గాదు. మంట తగ్గు మాత్రలను డాక్టరు నడుగకయే ఏండ్లతరబడి మ్రింగుటయు, జలుబునకెల్ల అంగడినుండి యాంటిబయాటిక్ మందులు తెచ్చుకొనుటయు మేలుచేయు సూక్ష్మజీవులకుకూడ కీడు చేయును.

వీనికంటె ప్రమాదకరమైనది సిగ్గు. నా యెఱుకలో నొక పెద్దమనిషి, పదిమందికి తీర్పు చెప్పువాడు, మలములో రక్తము పడుచుండగా మూలవ్యాధి యని తనలో తానే నిశ్చయించుకొని, భార్యకైన జెప్పక రెండేండ్లు దాచెను. చివరకు పెద్దప్రేగున పుట్టినది వ్రణమని తేలునప్పటికి సమయము మించిపోయెను. మఱణశయ్యపై ఆయన యన్నమాట, 'చెప్పుటకు సిగ్గుపడితి నయ్యా' అని. మలములో రక్తము, నల్లని మలము, కారణములేక బరువు తగ్గుట, మలవిసర్జనక్రమము వారములతరబడి మాఱియుండుట, మ్రింగుట కష్టమగుట, వీనిలో నేదియైనను గానబడినచో నాడే వైద్యునియొద్దకు పోవలయును. కడుపుమాట చెప్పుకొనుట యమర్యాద గాదు. నేను నేడు ఈ వేదికనెక్కి ఈ ప్రసంగము చేయుటకు ముఖ్యకారణము ఇదియే.

మన కర్తవ్యము

ఈ సభవారి సన్నిధికి నాలుగు ప్రార్థనలు.

మొదటిది, మన వసతిగృహమున విద్యార్థులకు ప్రొద్దుట కడుపునిండ ఫలహారము, వారమున కొన్నిదినములైన జొన్నలు, రాగులు, కొఱ్ఱలు, దినదినమును ఆకుకూర, పప్పు, మజ్జిగ ఏర్పాటు చేయవలయును. కాచిన నీరు, చేతులకు సబ్బు, నీటివసతిగల మరుగుదొడ్లు వంటశాలయంత ముఖ్యములు. ఆడపిల్లలు మరుగుదొడ్డి సరిగలేక వేగముల నాపుకొని రోగములు తెచ్చుకొనుచున్నారు. ఒక పోషకుడు సభామంటపముమీద తన పేరు చెక్కించుకొనుటకంటె మరుగుదొడ్డిమీద చెక్కించుకొనుటయే నాకు పుణ్యప్రదముగ దోచుచున్నది. మీరు నవ్వుచున్నారు, నేను నవ్వులకు జెప్పలేదు.

రెండవది, విందులయందు వంటకముల సంఖ్యకును, వడ్డన వేళకును సంఘమే యొక మేర నిర్ణయింపవలయును. ఆ మేరను మొదట కార్యవర్గమువారి యిండ్లలోనే పాటింపవలయును.

మూడవది, ఏటేట ఈ మహాసభతోపాటు వైద్యపరీక్షా శిబిర మొకటి జరిపి, రక్తహీనతకును, పెద్దలయందు ప్రేగువ్యాధులకును పరీక్షలు చేయింపవలయును. వైద్యవృత్తియందున్న మన సోదరులు ఒకదినము శ్రమదానము చేసినచో చాలును.

నాలవది, మనోవ్యాధిని దాపరికము లేకుండ చికిత్స చేయించుట. పరీక్షల దినములలో పిల్లవానికి ప్రతిదినము కడుపునొప్పి వచ్చుచున్నచో వాడు నటించుచున్నాడని కొట్టకుడు. వాని భయమును విచారింపుడు. దిగులుతో తిండి మానిన కోడలికి 'తిన్నది అరుగుట లేదు' అని కషాయమిచ్చి యూరకుండకుడు, మనోవైద్యునకు చూపుడు. మంచి తిండి మనస్సునకు తోడు, వైద్యమునకు మాఱు గాదు.

మహాశయులారా! భోజనమువేళ సమీపించుచున్నది, జఠరాగ్నిని గూర్చి యింతసేపు మాటలాడి మీ జఠరాగ్నికి విఘ్నము గావింపరాదు. నేటి పంక్తిలో మెల్లగ నమిలి, పక్కవానితో ప్రియముగ మాటలాడుచు, నాలవపాలు విడిచి లేవుడు. నా ప్రార్థనలను తీర్మానములుగ జేయుటయో మానుటయో రేపటి కార్యవర్గసభ వారి చిత్తము.